ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏ బ్లాక్? మత్తు డాక్టర్‌ను అడగాల్సిన సంగతులు

ఊపిరితిత్తి ఆపరేషనైన మర్నాడు మంచం పక్క బల్ల మీద మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ప్రత్యక్షమవుతుంది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగాలి, బంతులు పైకి లేవాలి. మనవాళ్లలో చాలామంది దాన్ని బూర ఊదినట్టు ఊదుతారు. ‘‘ఊదడం కాదండీ, పీల్చాలి’’ అని చెప్పి చెప్పి ఫిజియోథెరపిస్టుల గొంతు అరిగిపోతుంది. అది వేరే సంగతి. పీల్చడం తెలిసిన మనిషి కూడా మొదటి బంతి సగం లేవగానే మొహం చిట్లించి, పక్కను చేత్తో అదుముకుని ఆగిపోయాడంటే మాత్రం నేను ముందు చూసేది నొప్పి మందు పనిచేస్తోందా లేదా అని.

పదిహేనేళ్లుగా ఛాతీ ఆపరేషన్లకు మత్తు ఇస్తున్నాను. ఆపరేషన్ ముందురోజు ఇంట్లోవాళ్లు అనేది దాదాపు ఒకటే మాట: ‘‘ఏది మంచిదైతే అదే వేయండి మేడమ్, ఖర్చైనా ఫర్వాలేదు.’’ ఇబ్బందేమిటంటే, అందరికీ మంచిదయ్యే సూది అంటూ ఒకటి లేదు. ఎపిడ్యూరల్, పారావర్టెబ్రల్, ఎరెక్టర్ స్పైనీ, సెర్రాటస్, ఇంటర్‌కాస్టల్ అని అయిదు దారులున్నాయి. నొప్పి మోసే నరాల్ని మందుతో ఆపే ఈ సూదుల్నే బ్లాకులంటాం. మీ మనిషికి వీటిలో ఏది అనేది మూడు సంగతుల మీద తేలుతుంది. కోత ఎక్కడ, ఎంత? రక్తం పలుచబడే మందులేమైనా వాడుతున్నారా? రాత్రి రెండింటికి వార్డులో దాన్ని చూసుకునేది ఎవరు? మొదటి రెండూ డాక్టర్లు ఎలాగూ అడుగుతారు. మూడోది ఎవరూ అడగరు. నేను చూసినంతలో మంచి బ్లాకులు చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

ఛాతీ గాయానికి సెలవు లేదు

కాలు విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతాం. పక్కటెముకలకు ఆ వీలు లేదు. నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీసుకుంటారనుకున్నా రోజుకు 21 వేలసార్లకు పైగా ఆ గాయం సాగుతుంది, ముడుచుకుంటుంది. నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీసుకుంటాడు. దగ్గు వస్తే మింగేస్తాడు. బయటికి రావాల్సిన కఫం లోపలే పేరుకుంటుంది, ఊపిరితిత్తి అడుగు భాగం ముడుచుకుపోతుంది, మూడో రోజుకు జ్వరం, న్యుమోనియా. అందుకే ఈ ఆపరేషన్‌లో నొప్పి తగ్గించడం సుఖం కోసమే కాదు, అది వైద్యంలో భాగం.

మరి మార్ఫిన్ ఇచ్చేస్తే సరిపోదా అంటారు. పడుకుని ఉన్నప్పటి నొప్పికి సరిపోతుంది. దగ్గినప్పటి నొప్పి కూడా పోవాలంటే ఇవ్వాల్సిన మోతాదు మనిషిని జోగేలా చేస్తుంది, ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, దగ్గునే అణిచేస్తుంది. ఏ దగ్గు కోసం తాపత్రయపడుతున్నామో అదే పోతుంది. కాబట్టి మెదడు జోలికి పోకుండా ఛాతీ నుంచి నొప్పి కబురు మోసుకెళ్లే నరాల దగ్గరే మందు పెట్టడం మేలు. బ్లాక్ అంటే అంతే.

ఆ నరాలు ఒక్కో వైపు పన్నెండు. వెన్నుపాము నుంచి బయల్దేరి, ఒక్కో పక్కటెముక కింది అంచున గాడిలో దాక్కుని, ముందుకు రొమ్ము దాకా వస్తాయి. ఈ దారిలో ఎక్కడ ఆపుతాం అనేదే బ్లాకుకూ బ్లాకుకూ మధ్య తేడా. మొదట్లో ఆపితే ఎపిడ్యూరల్, వెన్నుపూస పక్క సందులో ఆపితే పారావర్టెబ్రల్, వీపు కండరం కింద మందు పరిస్తే ఎరెక్టర్ స్పైనీ, ఎముక వెంబడి ఆపితే ఇంటర్‌కాస్టల్, చంక కింద పక్కభాగంలో ఆపితే సెర్రాటస్. వెన్నుకు దగ్గరయ్యేకొద్దీ మందు బలంగా పనిచేస్తుంది, ప్రమాదమూ పెరుగుతుంది. దూరమయ్యేకొద్దీ క్షేమం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

కోత సంగతి కూడా చెప్పాలి. పెద్ద కోత పెట్టి, పక్కటెముకల మధ్య ఇనుప రిట్రాక్టర్ పెట్టి మర తిప్పుతూ వెడల్పు చేసేది థొరకాటమీ. ఆ మర కింద నరం నలుగుతుంది. ఒకటి నుంచి మూడు చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసేది వాట్స్, మనవాళ్లు కీహోల్ అంటారు. రోబో కూడా ఈ కుటుంబమే. దీంట్లో నొప్పి తక్కువే గానీ లేకపోదు, ఎందుకంటే ఏ పద్ధతిలో చేసినా చివర్లో పక్కటెముకల మధ్య నుంచి గాలి తీసే గొట్టం ఒకటి పెడతారు. చాలామంది ‘కుట్ల నొప్పి’ అని చూపించే చోట చెయ్యి పెట్టి చూస్తే గొట్టమే ఉంటుంది.

ఎపిడ్యూరల్: బలంలో పెద్దన్న

ఛాతీ మధ్య భాగంలో వెన్నుపూసల వెనక ముళ్లు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. వాటి సందులోంచి సూది పోవాలి. ఎడమచేత్తో సూది పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో సెలైన్ సిరంజిని నొక్కుతూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముందుకు పోతాను. బొటనవేలికి గట్టిగా ఎదురు తగులుతూ ఉంటుంది. ఒకచోట ఉన్నట్టుండి ఆ ఎదురు పోయి సెలైన్ జారిపోతుంది. అదే చోటు. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నేను ఊపిరి బిగబడతాను. ఆ సూదిలోంచి దారంలాంటి సన్నని గొట్టం లోపల పెట్టి, సూది తీసేసి, గొట్టాన్ని వీపుకు అంటించేస్తాం. అక్కణ్నుంచి పంపు ద్వారా నరాన్ని మొద్దుబార్చే మందు (పలుచటి రోపివకైన్ లేదా బ్యుపివకైన్), అందులో కాస్త మార్ఫిన్ కోవకు చెందిన ఫెంటానిల్, మూడు నాలుగు రోజులు సన్నగా పోతూనే ఉంటుంది.

బాగా కుదిరిన ఎపిడ్యూరల్‌తో పెద్ద థొరకాటమీ అయిన మనిషి మర్నాడు కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటాడు. రెండువైపులా పట్టుకుంటుంది కాబట్టి రెండు ఊపిరితిత్తులకూ ఒకేసారి ఆపరేషనైనా, కోత పొట్ట మీదకు కూడా సాగినా (అన్నవాహిక ఆపరేషన్లలో ఇది మామూలు) దీనికి సాటి లేదు.

దీని వెనకాల వచ్చే చిక్కులు కూడా తక్కువేం కాదు. నొప్పి నరాలతోపాటు రక్తనాళాల్ని బిగించి ఉంచే నరాలూ మొద్దుబారతాయి, బీపీ పడిపోతుంది. ఊపిరితిత్తి కోసినవాళ్లకు సెలైన్ ధారాళంగా ఎక్కించలేం, నెమ్ము చేరుతుంది. కాబట్టి బీపీ నిలబెట్టడానికి మందు పెట్టాల్సి రావచ్చు. మూత్రం ఆగిపోతుంది, గొట్టం వేయాలి. ఫెంటానిల్ వల్ల దురద, వాంతులు. పైగా ఛాతీ ఎపిడ్యూరళ్లలో మూడోవంతు దాకా ఏదో ఒక రకంగా విఫలమవుతాయని లెక్కలున్నాయి. ఒకవైపే పట్టడం, గొట్టం జరిగిపోవడం, ఊడిరావడం. ఈ లెక్క నా తోటివాళ్లు రోగులకు చెప్పడానికి ఇష్టపడరు. చెప్పాలి.

అరుదైనా పెద్ద ప్రమాదం ఒకటుంది. వెన్నులో రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. ఎనిమిది గంటల్లోపు గుర్తించి ఆపరేషన్ చేసి తీసేస్తే తిరిగి వచ్చే అవకాశం బాగుంటుంది, ఆలస్యమైతే ఉండదు. రక్తం పలుచబడే మందుల గురించి మేం గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే సాధారణంగా అడ్డం కాదు. క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. రివరాక్సబాన్, అపిక్సబాన్‌లకు కనీసం 72 గంటలు. బొడ్డు చుట్టూ వేసే హెపారిన్ సూది చిన్న మోతాదైతే 12 గంటలు, పెద్ద మోతాదైతే 24 గంటల ఎడం. ఎపిడ్యూరల్ గొట్టం తీసేటప్పుడు కూడా ఇదే లెక్క, పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తో తీసేటప్పుడూ అంతే. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. గుండెకు స్టెంట్ వేసుకున్నవాళ్లు క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. వాళ్లకు మందు ఆపడం కంటే బ్లాకు మార్చడం తెలివైన పని.

ఇక ఇంటింటా వినిపించే మాట: ‘‘వెన్నుకు సూది వేస్తే జన్మంతా నడుంనొప్పి.’’ సిజేరియన్ అయిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంది. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపడం నిజం. ఏళ్ల తరబడి నడుంనొప్పికి సూదే కారణం అనడానికి ఆధారం దొరకలేదు. ఈ ఒక్క భయంతో ఎపిడ్యూరల్ వద్దనకండి. వద్దనడానికి అంతకన్నా మంచి కారణాలు పైన చెప్పాను.

పారావర్టెబ్రల్: నా మొదటి ఓటు

వెన్నుపూస పక్కన, ఊపిరితిత్తి పొరకు వెనగ్గా, త్రికోణంలాంటి చిన్న సందు ఉంటుంది. నరం వెన్ను దాటి బయటికి రాగానే మొదట అడుగుపెట్టేది అక్కడికే. 1905లో జర్మనీలో హ్యూగో సెల్‌హైమ్ ఈ సందులో మందు పెట్టి చూశాడు. తర్వాత దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1979లో ఈసన్, వయాట్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తున్నాం. మందు పోగానే మెరిసే గీతలా కనిపించే ఊపిరితిత్తి పొర కిందికి నొక్కుకుపోతుంది. అది కళ్లతో చూశాక ఇంక అనుమానం ఉండదు.

దీని గొప్పతనం ఒకవైపే పట్టడంలో ఉంది. కుడి ఊపిరితిత్తికి ఆపరేషనైతే ఎడమవైపు నరాల్ని ఎందుకు మొద్దుబార్చాలి? బీపీ అంతగా పడదు, మూత్రం ఆగడం తక్కువ, దురద తక్కువ. వైద్య పరిశోధనలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ 2016 సమీక్ష థొరకాటమీ రోగుల మీద జరిగిన 14 అధ్యయనాలను కలిపి చూసింది. నొప్పి తగ్గించడంలో ఎపిడ్యూరల్‌కూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బీపీ పడటం, వాంతులు, దురద, మూత్రం ఆగడం పారావర్టెబ్రల్‌లో తక్కువ. ప్రాణాపాయం, పెద్ద చిక్కుల విషయంలో రెండూ సమానం. ఒకవైపు థొరకాటమీకి నేను ఎపిడ్యూరల్ నుంచి దీనికి మారడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేకపోయింది.

ఊపిరితిత్తికి సూది గుచ్చుకుని గాలి చేరదా అని అడుగుతారు. అరుదుగా చేరవచ్చు. కానీ ఆపరేషన్ అయ్యేది ఆ వైపే, గాలి తీసే గొట్టం ఎలాగూ పెట్టేది ఆ వైపే. ఇంకో సుఖం కూడా ఉంది. ఛాతీ తెరిచి ఉన్నప్పుడు సర్జనే లోపలి నుంచి కళ్లారా చూస్తూ ఈ సందులో గొట్టం పెట్టేయవచ్చు. ఆయనకు అయిదు నిమిషాల పని, మాకు తలనొప్పి తప్పుతుంది.

అయితే దీనికీ ఓ పరిమితి ఉంది, మన దగ్గర అది తరచుగా ఎదురవుతుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశంలోనివే. టీబీ వల్లో న్యుమోనియా వల్లో ఛాతీలో చీము చేరి, ఊపిరితిత్తి చుట్టూ నారింజ తొక్కలా మందపాటి పొర కట్టేస్తుంది. దాన్ని ఒలిచే ఆపరేషన్ డీకార్టికేషన్. ఒలిచేటప్పుడు ఛాతీ గోడ పొర కూడా చిరిగితే, మనం సందులో పెట్టిన మందు అక్కడ నిలవకుండా ఛాతీలోకి కారిపోతుంది. చీము ఉన్నచోటికి దగ్గరలో గొట్టం ఉంచడం కూడా మంచిది కాదు. ఇలాంటి కేసుల్లో నేను మళ్లీ పెద్దన్న దగ్గరికే పోతాను, ఒంట్లో ఇన్ఫెక్షన్ అదుపులో ఉండి, రక్తం గడ్డకట్టే పరీక్షలు బాగుంటేనే సుమా. లేదంటే వీపు కండరం కింద వేసే బ్లాకు.

ఎరెక్టర్ స్పైనీ, సెర్రాటస్: కొత్త తరం

వెన్నుకు అటూ ఇటూ రెండు తాళ్లలా నిలువునా కండరాలుంటాయి, చేత్తో తడిమితే తెలుస్తాయి. వాటి కింద, ఎముక మీద మందు పరిచేది ఎరెక్టర్ స్పైనీ బ్లాక్. 2016లో కెనడాలో ఫొరేరో, ఆయన సహచరులు దీన్ని మొదటిసారి వివరించారు. కొన్నేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. కారణం ఊహించడం కష్టం కాదు: నేర్చుకోవడం తేలిక. సూది ఎముకకు తగిలి ఆగుతుంది. వెన్నుపాము దూరం, ఊపిరితిత్తి దూరం. రక్తస్రావమైనా పైపైనే, నొక్కి పట్టవచ్చు. స్టెంట్ ఉండి క్లోపిడోగ్రెల్ ఆపలేని మనిషికి ఇది దేవుడిచ్చిన వరమే.

చిక్కల్లా మందు ఎటు పాకుతుందో ఖాయంగా చెప్పలేకపోవడం. ఒకరికి ముందువైపు దాకా తిమ్మిరెక్కుతుంది, ఇంకొకరికి వీపు మీద మాత్రమే. అదే డాక్టరు, అదే మందు, అదే మోతాదు. కాబట్టి వాట్స్‌కు చక్కగా సరిపోతుంది. పెద్ద థొరకాటమీకి ఒంటరిగా దీన్నే నమ్ముకుంటే మార్ఫిన్ తోడు కావాలి. ఇది నా అనుభవం, వేరేలా చెప్పే మిత్రులూ ఉన్నారు.

సెర్రాటస్ బ్లాక్ 2013లో బ్లాంకో బృందం చెప్పింది. చంక కింద, పక్కటెముకలను అంటిపెట్టుకున్న రంపపు పళ్లలాంటి కండరం దగ్గర వేస్తారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టే వేయవచ్చు, పక్కకు తిప్పక్కర్లేదు. ఛాతీ గొట్టం నొప్పికి, చిన్న వాట్స్‌కు, పక్కటెముకలు విరిగినవాళ్లకు పనికొస్తుంది. వీపు వైపు కోతకు అందదు.

వాట్స్ విషయంలో ప్రాస్పెక్ట్ అనే నిపుణుల బృందం 2022లో ఇచ్చిన సిఫార్సు ఇదే వరసలో ఉంది: ముందు పారావర్టెబ్రల్ గానీ ఎరెక్టర్ స్పైనీ గానీ, అవి కుదరకపోతే సెర్రాటస్. చిన్న కోతలకు ఎపిడ్యూరల్ వద్దంది. మూడు సెంటీమీటర్ల కోతకు మూడు రోజుల మూత్రపు గొట్టం ఎందుకు మరి?

సర్జన్ వేసే సూది, ఒక లెక్క

ఇంటర్‌కాస్టల్ బ్లాక్ అంటే ఆపరేషన్ చివర్లో సర్జనే లోపలి నుంచి అయిదారు పక్కటెముకల కింద నరాల దగ్గర మందు వేయడం. సులువు, చవక, ఏ ఊళ్లోనైనా అవుతుంది. అయితే ఒక్కసారి వేసే మందు, కొన్ని గంటలే. సాయంత్రం నవ్వుతూ పలకరించిన మనిషి అర్ధరాత్రి దాటాక పళ్లు బిగబట్టుకుని ఉంటాడు. ఇది వేస్తే, మందు ప్రభావం తగ్గేలోపే మాత్రలు, ఇంజెక్షన్లు మొదలై ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతుంది. పక్కటెముకల దగ్గర వేసిన మందు మిగతా బ్లాకుల కన్నా ఎక్కువగా, త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. 45 కిలోల సన్నటి టీబీ రోగిని తీసుకోండి. నేను ఎరెక్టర్ స్పైనీలో 0.375 శాతం రోపివకైన్ 30 మి.లీ. వేశాననుకుందాం. అంటే 112 మిల్లీగ్రాములు, కిలోకు 3 చొప్పున ఆయనకున్న హద్దు 135. అక్కడికి దాదాపు నిండిపోయింది. అది తెలియక సర్జన్ చివర్లో 0.5 శాతం బ్యుపివకైన్ 20 మి.లీ. వేస్తే అది ఇంకో 100. రక్తంలో మందు హద్దు దాటిందంటే నాలుక మీద లోహపు రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో గింగురుమనడం, ముదిరితే మూర్ఛ, గుండె లయ తప్పడం. దీనికి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఉంది. కానీ అసలు అక్కడిదాకా రానివ్వకూడదు. థియేటర్లో తెర అవతల ఉన్నవాళ్లూ ఇవతల ఉన్నవాళ్లూ ఒకే చీటీ మీద లెక్క రాసుకోవాలి. మా థియేటర్లో తెల్లబోర్డు మీద రాస్తాం. ఎవరు సిరంజి ఎత్తినా ముందు బోర్డు చూడాల్సిందే.

నరాన్ని చలితో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. వారాలు, నెలలు తిమ్మిరిగా ఉంటుంది, తర్వాత కొందరికి మంట పట్టుకుంటుంది. అన్ని చోట్లా లేదు. వెన్నునీటిలో ఒకే ఒక్క మార్ఫిన్ సూది వేసే పద్ధతీ ఉంది. దాదాపు ఒక రోజు పనిచేస్తుంది, ఆ రోజంతా ఊపిరి లెక్కపెట్టేవాళ్లు పక్కన ఉండాలి. గుండె ఆపరేషన్లలో రొమ్ము ఎముక నిలువునా కోస్తారు, హెపారిన్ భారీగా ఇస్తారు. అక్కడ ఎపిడ్యూరల్ జోలికి చాలామందిమి పోము, రొమ్ము ఎముక పక్కన అటూ ఇటూ వేసే బ్లాకులు వాడతాం.

భుజం నొప్పి అనే దొంగ

బ్లాక్ బ్రహ్మాండంగా పట్టింది, కోత దగ్గర గిల్లినా తెలియడం లేదు. అయినా మనిషి ‘‘భుజం పీకేస్తోంది’’ అంటాడు. ఇంట్లోవాళ్లు సూది పనిచేయలేదనుకుంటారు. అది కోత నొప్పి కాదు. ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రమ్ అనే కండరానికి, దాని పొరలకు పోయే నరం మెడ నుంచి వస్తుంది, భుజానికి పోయే నరాలూ అక్కణ్నుంచే. లోపల కదిలించినది మెదడుకు భుజంలో నొప్పిలా వినబడుతుంది. ఛాతీ నరాల్ని ఆపే ఏ బ్లాకూ దీన్ని అందుకోలేదు. దీనికి పారాసిటమాల్, కిడ్నీలు బాగుంటే డైక్లోఫెనాక్ కోవకు చెందిన మందు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎపిడ్యూరల్ పంపు వేగం పెంచమని నర్సుతో పోట్లాడితే ఒరిగేది బీపీ పడటమే.

రాత్రి రెండు గంటల సంగతి

నేను చదువు ముగించుకుని కొత్తగా చేరిన ఒక ఆసుపత్రిలో జరిగింది. డీకార్టికేషన్ అయిన పెద్దాయన, మిరప రైతు. ఎపిడ్యూరల్ ఒకే పోటుకి కుదిరింది. సాయంత్రం వెళ్లి చూస్తే దగ్గించినా నొప్పి లేదు. గర్వంగా ఇంటికి పోయాను. రాత్రి బీపీ 85కి దిగింది. వార్డులో ఉన్న అమ్మాయికి ఆ పంపు గురించి ఎవరూ నేర్పలేదు, నర్సుగా చేరి నెల కూడా కాలేదు. భయపడి పంపు ఆపేసింది. మంచిదే చేసింది, కానీ ఎవరికీ ఫోన్ చేయలేదు, బదులుగా వేరే నొప్పి మందు ఏదీ రాసిలేదు. రాసి ఉంచాల్సింది నేను.

పొద్దున్నే వెళ్లేసరికి ఆయన దిండును రెండు చేతులతో పక్కకు అదుముకుని కూర్చుని ఉన్నాడు.

‘‘బాబాయ్ గారూ, ఒకసారి దగ్గండి.’’

‘‘దగ్గితే కుట్లు ఊడిపోతాయేమోనమ్మా. రాత్రంతా దగ్గు మింగేశాను.’’

ఆ మధ్యాహ్నమే జ్వరం వచ్చింది. ఇంకో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుట్లు ఊడవు, దిండు పట్టుకుని దగ్గితే ఏమీ కాదు అని ఆయనకు ముందురోజే చెప్పి ఉండాల్సింది.

అప్పట్నుంచి ఏ బ్లాక్ అని ఆలోచించే ముందు ఆ రాత్రి వార్డును ఊహించుకుంటాను. ఐసీయూ లేదా దాని తర్వాతి మెట్టైన హెచ్‌డీయూలో గంటగంటకూ బీపీ చూసేవాళ్లు, పిలిస్తే వచ్చే మత్తు డాక్టరు ఉంటే ఎపిడ్యూరల్. అది లేని చోట ఎంత నేర్పుగా వేసినా దండగ. అక్కడ పారావర్టెబ్రల్ గొట్టానికి బెలూన్‌లాంటి పంపు తగిలిస్తాను. కరెంటు అక్కర్లేదు, బటన్లు లేవు, దానంతటదే చుక్కచుక్కగా పోతుంది. బీపీ ఠక్కున పడదు. జనరల్ వార్డులో కూడా నడుస్తుంది.

మా ఇంట్లో వాళ్లకైతే

ఒకవైపు వాట్స్ అయితే పారావర్టెబ్రల్, లేదా ఎరెక్టర్ స్పైనీ. అక్కడి డాక్టరుకు ఏది చేయి తిరిగి ఉంటే అది. ఒకవైపు పెద్ద థొరకాటమీకి గొట్టంతో పారావర్టెబ్రల్. చీము ఒలిచే ఆపరేషన్‌కు, రెండువైపుల కోతకు, అన్నవాహికకు, ఐసీయూ ఉంటే ఎపిడ్యూరల్. క్లోపిడోగ్రెల్ ఆపలేని మావయ్యకు ఎరెక్టర్ స్పైనీయో సెర్రాటసో, తోడుగా మార్ఫిన్ కొంచెం ఎక్కువ. అల్ట్రాసౌండ్ లేని చిన్న ఊళ్లో ఆపరేషనైతే సర్జన్‌నే ఇంటర్‌కాస్టల్ వేయమంటాను, లోపలి నుంచి పారావర్టెబ్రల్ గొట్టం పెట్టగలిగితే ఇంకా మేలు. ఏది వేసినా పారాసిటమాల్ గంట ప్రకారం పడాల్సిందే, నొప్పి వచ్చాక కాదు.

డాక్టరు పేరున్నవాడా అని కాదు, ఈ ఆసుపత్రిలో ఈ బ్లాక్ వారానికి ఎన్ని వేస్తారు అని అడగండి. ఎవరూ కోప్పడరు, నేనైతే సంతోషిస్తాను. పంపు ఆగితే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఆ నంబరు మంచం దగ్గర రాసి ఉందా? బ్లాక్ పనిచేయకపోతే రెండో దారి ఏమిటి? నొప్పి ఎంతుంది అని సున్నా నుంచి పది దాకా అంకె అడిగినప్పుడు, పడుకుని ఉన్నప్పటి అంకె కాకుండా దగ్గినప్పటి అంకె చెప్పమని మీ మనిషికి నేర్పండి. పడుకుని రెండు, దగ్గితే ఎనిమిది అంటే బ్లాక్ పట్టనట్టే.

మంచం దగ్గర ఉండేవాళ్లు ఒక్కటి కనిపెట్టి ఉండాలి. ఎపిడ్యూరల్ ఉన్న మనిషి కాళ్లు కదపగలగాలి. ఛాతీ దగ్గర తిమ్మిరి మామూలే. కాళ్లు బరువెక్కి, మోకాలు ముడవలేకపోతే, వీపులో కొత్తగా తీవ్రమైన నొప్పి మొదలైతే, పొద్దున రౌండ్సుకు డాక్టరొచ్చేదాకా ఆగకూడదు. అది రాత్రి మూడైనా సరే, గొడవ చేసైనా సరే పిలిపించండి.

బ్లాక్ గొట్టం తీసేరోజు గురించి ముందే మాట్లాడుకోండి. నేను పొద్దున్నే పంపు ఆపి, అంతకు గంట ముందే మాత్రలు ఇప్పిస్తాను. సాయంత్రం ఆపితే నొప్పి బయటపడేది రాత్రికి, అప్పుడు అడిగేవాళ్లు ఉండరు. ఛాతీ గొట్టం కూడా అదే రోజు తీస్తారంటే ముందు ఛాతీ గొట్టం, తర్వాత బ్లాక్. ఈ వరస తలకిందులైతే బాధపడేది మీరే.

ఇంటికొచ్చాక రొమ్ము కింద కొన్ని నెలలు మొద్దుగా, తిమ్మిరిగా ఉంటుంది, అది ఆపరేషన్‌లో నలిగిన నరం పని. థొరకాటమీ అయినవాళ్లలో నలుగురిలో ఒకరి నుంచి ఇద్దరిలో ఒకరి దాకా నెలల తరబడి ఏదో ఒక నొప్పి మిగులుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి, ఎక్కువమందికి అది ఓర్చుకోగలిగేదే. రెండు నెలలు దాటినా చొక్కా గుడ్డ తగిలితే చాలు కారం రాసినట్టు మండుతుంటే మాత్రం అది కుట్ల నొప్పి కాదు. పారాసిటమాల్‌కు తగ్గదు, నరాల నొప్పికి వేరే మాత్రలున్నాయి. ఆ మంట మొదలైన తేదీ రాసుకుని, డిశ్చార్జ్ కాగితంతో సహా పెయిన్ క్లినిక్‌కు రండి.